ఎత్తు ప్రకారం నిలబడ్డ వాక్యం

ఇంగ్లీషుల ‘ఓన్లీ’ అనే మాట కుదురుగ ఉండదు. ఎవరి పక్కన నిలబడితే వాళ్ల మీద పడతది. ఇది నల్లబల్ల మీద పదిసార్లు రాసి చెప్పినా, ఉట్నూర్ దిక్కున్న మా హాస్టల్ కాలేజీ ఆడపిల్లలు నోట్సుల ఎక్కించుకున్నరే కాని బుర్రకు ఎక్కించుకోలే. అందుకే కరీంనగర్ పోయినప్పుడు చుట్టాల ఇండ్లల్ల పాత పెండ్లి పత్రికలు ఏరుకొచ్చిన. వెనుక ఒక్కో మాట రాసి, దారం కట్టి పిల్లల మెడల్ల వేసిన. ఇగ మాటలే నడవాలె. క్లాసంత లొల్లి, నాకేమో ఒకటే సంబురం.

ప్రిన్సిపాల్ సారుకు పడలే. “మేడం, పరీక్షల రాయాలె, ఉరుకుడు కాదు. రేపు వచ్చి చూస్త. నచ్చకుంటే బంద్.”

“చూడుండ్రి సార్, చూసినంక మాట్లాడుదాం” అన్న. ఆయనకు చెప్పే జవాబులు సంచెడు తయారు చేసుకున్న.

తెల్లారి సారొచ్చి కుర్చీల కూసున్నడు. నలుగురిని పిలిచిన. మదర్, కుక్స్, రైస్. ఎన్నడూ నోరు విప్పని పొట్టిపిల్ల మెడల ఓన్లీ. “లైన్ల నిలబడుండ్రి” అన్న. అదే నా తప్పు. మా దగ్గర లైనంటే ప్రార్థనకైనా అన్నానికైనా పొట్టోళ్లు ముందు, పొడుగోళ్లు వెనుక. సారును చూసిన భయంల వాళ్ల కాళ్లు అట్లనే పోయినయి.

సారు నిమ్మళంగ చదివిండు. “ఓన్లీ రైస్ కుక్స్ మదర్. అన్నమే అమ్మను వండుతదా మేడం?”

నేను పిల్లల దిక్కు ఒక అడుగేసిన.

“ఆగుండ్రి సార్, మేం ప్రార్థన లైన్ల నిలబడ్డం” అన్నది పొట్టిపిల్ల. చివరన ఉన్న పొడుగుపిల్లను రెక్క పట్టి ముందుకు గుంజింది. “మదర్‌వు నువ్వే కదనే, ఇటు రా.” రైస్‌ను చివరికి తోసింది. తను మదర్ ముందు నిలబడ్డది. “ఇప్పుడు అమ్మ ఒక్కతే వండుతది సార్. బాపు చెయ్యి పెట్టడు.” ఉరికిపోయి రైస్‌కు ముందు నిలబడ్డది. “ఇప్పుడు ఉత్త అన్నమే వండుతది. కూర లేదు.”

“కూరెందుకు లేదు?”

“హాస్టల్ల అడగాలె సార్.”

సారు లేచిండు.

“తలుపు దగ్గరికేసుకోండి మేడం. లొల్లి ఆఫీసు దాక వస్తది” అని పోయిండు. బంద్ అనలే.

తలుపేసిన. సంచెడు జవాబులు అట్లనే మిగిలినయి, మిగలనీ. “ఇంకో లైను...” అనబోయి నాలుక కరుచుకుని, “ఇంకో వాక్యం” అన్న.