తొమ్మిది డిగ్రీల పెద్దరికం

“ఆ కర్రతో లిఫ్టు బాగవుతుందా సార్?”

అడిగినవాడు మెకానిక్కు. అడిగించుకున్నవాడు లిఫ్టుల మరమ్మతు కంపెనీ యజమాని, యాభై మూడేళ్ళవాడు. ఊళ్ళో అందరూ లిఫ్టాయన అంటారు. ఆయన బల్ల మీద పొడుగాటి అట్టపెట్టె, చేతిలో దాంట్లోంచి అప్పుడే తీసిన గోల్ఫు డ్రైవరు. ఆటలో మొదటి దెబ్బ దూరంగా కొట్టడానికి వాడే లావు తలకాయ కర్రకి ఆ పేరు. మెకానిక్కు వచ్చింది దాన్ని చూడ్డానికి కాదు, రెండు నెలల ఓవర్‌టైం అడగడానికి. మొత్తం అరవై ఒక్క గంటలు.

ఆ డబ్బు అతనికి నెలాఖరులోగా కావాలి. అతను ఉండేది నాలుగో అంతస్తులో. లిఫ్టు లేదు. కుడి మోకాలు వాచిపోయింది. ఇంటి మెట్లు మానకపోతే పనే మానాల్సి వస్తుందని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. వెనక వీధిలో కింది వాటా ఒకటి ఖాళీ అయింది, అడ్వాన్సు కడితే తాళం చేతికొస్తుంది. లిఫ్టులు బాగుచేసేవాడు లిఫ్టు లేని ఇంట్లో ఉండడంలో ఏదో చమత్కారం ఉందని ఎవరూ మురిసిపోనక్కర్లేదు. లిఫ్టున్న ఇంటికి అద్దె ఎక్కువ, అంతే.

“నెలాఖరుకి చూద్దాంలే,” అన్నాడు లిఫ్టాయన, కర్రను కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పుతూ. “ఇదీ కంపెనీ కోసమే. నీకు తెలీదు.”

“నీకు తెలీదు” అనే ముక్క ఆయనకి ఊతకర్ర. తనకి తెలియని ప్రతి చోటా దాన్నే పట్టుకుని నిలబడతాడు.

కంపెనీ అంటే రెండు గదులు. ముందుది ఆఫీసు, వెనకది గోడౌను. గోడౌనులో ఉక్కుతాళ్ళ చుట్టలు, విప్పేసిన తలుపులు, గ్రీజు డబ్బాలు, వీటి మధ్య మెకానిక్కు కూర్చునే చెక్కపెట్టె. ఏడాది కాంట్రాక్టు మీద నలభై ఒక్క లిఫ్టులు చూస్తారు. చూస్తారు అనడం మర్యాద కోసం, చూసేది మెకానిక్కు ఒక్కడే. వాటిలో పంతొమ్మిది ఒకే బిల్డరువి. ఆ పంతొమ్మిదీ పోతే మిగిలినవాటితో అద్దె, కరెంటు బిల్లు వెళ్ళి, గోల్ఫు క్లబ్బు చందా దగ్గర ఆగిపోతుంది.

ఆ బిల్డరు ప్రతి గురువారం పొద్దున్న గోల్ఫు ఆడతాడు. కాబట్టి లిఫ్టాయన కూడా ఆడతాడు. పెద్ద పెద్ద బేరాలు పచ్చగడ్డి మీదే కుదురుతాయని ఎవడో ఓ హోటల్ హాల్లో మైకు పట్టుకుని చెప్పగా విన్నాడు. ఆ ఉపన్యాసానికి టిక్కెట్టు కూడా కొన్నాడు. అప్పటినుంచి ఆరేళ్ళుగా, పంతొమ్మిది లిఫ్టులూ తన భుజాల మీదుగా, తన నవ్వు మీదుగా, తను పొగిడిన బిల్డరు దెబ్బల మీదుగా వచ్చాయని గట్టిగా నమ్ముతున్నాడు. అసలు సంగతి ఆ భవనాల కాపలావాళ్ళని అడిగితే చెబుతారు. ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుంటే మెకానిక్కు ఇరవై నిమిషాల్లో వస్తాడు. వాళ్ళందరికీ అతని ఫోన్ నంబరు నోటికి వచ్చు. లిఫ్టాయన కార్డు ఎక్కడ పెట్టారో ఒక్కరికీ గుర్తులేదు.

గురువారాల్లో నలుగురు ఆడతారు: బిల్డరు, పెయింట్ల డీలరు, పళ్ళ డాక్టరు, లిఫ్టాయన. ఇద్దరిద్దరు ఓ జట్టు, ఓడినవాళ్ళు టిఫిను పెట్టిస్తారు. బిల్డరు ఎప్పుడూ లిఫ్టాయన్నే జతగా తీసుకునేవాడు. కారణం ప్రేమ కాదు. లిఫ్టాయన పాత డ్రైవరు బంతిని నూట డెబ్బై గజాలే పంపేది, కానీ గీత గీసినట్టు నడిమధ్యన పడేసేది. బిల్డరు తన బంతిని పొదల్లోకి కొట్టినప్పుడల్లా ఆ నడిమధ్య బంతి జట్టుని ఒడ్డున పడేసేది.

ఇంత సుఖంగా ఉన్నవాడికి ఓ గురువారం తెల్లారింది. ఆ నలుగురికీ ఒక పాడలవాటుంది. పక్కవాడి కర్ర అడుగు తిప్పి అక్కడ చెక్కిన అంకె చదువుతారు. కర్ర ముఖం ఎన్ని డిగ్రీలు వాలి ఉందో చెప్పే అంకె అది. వాలు ఎక్కువైతే బంతి సులువుగా లేస్తుంది. తక్కువైతే దాన్ని లేపడానికి చేతిలో వేగం ఉండాలి. కాబట్టి తక్కువ అంకె మగతనమని ఈ పెద్దమనుషులు తీర్మానించుకున్నారు. అంగుళాలు, గుర్రపు బలాలు, గదుల కొలతలు, ఏది దొరికితే దాంతో పోల్చుకునే జాతి ఇది.

ఆ వేళ బిల్డరు లిఫ్టాయన కర్ర తిప్పాడు. అందర్నీ బావగారూ అనడం ఆయనకి అలవాటు.

“పన్నెండా! ఏం బావగారూ, ఇది మా అత్తగారి నంబరు కదా!”

పెయింట్ల డీలరు పడీపడీ నవ్వాడు. పళ్ళ డాక్టరు పళ్ళు కనిపించకుండా నవ్వాడు. లిఫ్టాయన కూడా నవ్వాడు, ఆ నవ్వు ఇంటికి చేరేదాకా మొహం మీద అలాగే అతుక్కుని ఉంది.

శనివారం దుకాణానికి వెళ్ళాడు. అక్కడ కర్ర ఊరికే అమ్మరు, మనిషికి కొలిచి అమ్ముతారు. ఓ గదిలో తెర, తెర ముందు పచ్చ తివాసీ, నేల మీద దెబ్బ వేగాన్నీ దూరాన్నీ లెక్కగట్టే చిన్న యంత్రం. కొలిచేవాడు నెమ్మదైన మనిషి.

“మీరు రోజూ ఎలా కొడతారో అలాగే కొట్టండి సార్,” అన్నాడు.

గదికున్న అద్దాల గోడ అవతల తమ వంతు కోసం ఇద్దరు కూర్చుని ఉన్నారు. వాళ్ళెవరో లిఫ్టాయనకి తెలియదు, ఇక జన్మలో కనబడరు కూడా. అయినా వాళ్ళని చూశాడు. చూశాక ఇంక రోజూ కొట్టేలా ఎలా కొడతాడు? పళ్ళు బిగించి, మడమలు లేపి, నడుము కళుక్కుమనేలా పన్నెండు దెబ్బలు కొట్టాడు. మొదటి మూడు తగలాల్సిన చోట తగిలి, తెర మీద రెండు వందల నలభై గజాలు పలికాయి. మిగతా తొమ్మిదీ కుడిపక్క గుడ్డని కుమ్మాయి.

“సార్, ఆ మూడూ పక్కన పెట్టి ఈ తొమ్మిదీ చూద్దామా? మనం కర్ర కొనాల్సింది వీటికే,” అన్నాడు కొలిచేవాడు.

“అవి వార్మప్పు కదయ్యా.”

“వార్మప్పు చివర్లో వస్తుందా సార్?”

అద్దం అవతల ఒకడు దగ్గాడు. కొలిచేవాడు వాలు పన్నెండు, కాడ మధ్యరకం ఉన్న కర్రొకటి చేతికిచ్చాడు. కాడ ఎంత మెత్తగా వంగితే నిదానంగా కొట్టేవాడికి అంత సాయం చేస్తుందని, గట్టి కాడ వంగాలంటే కొట్టేవాడిలో అంత జోరుండాలని విడమరిచి చెప్పాడు.

“పన్నెండు మా అత్తగారి నంబరు,” అన్నాడు లిఫ్టాయన, ఆ హాస్యం తన సొంతమైనట్టు.

“మా దగ్గరికొచ్చేవాళ్ళలో సగంమందిది అదే సార్.”

అత్తగారు గెలవలేదు. వాలు తొమ్మిది, కాడ అన్నిటికంటే గట్టిది. ఇంకోసారి ఆలోచించుకోమని కొలిచేవాడు ఒక్కసారే అన్నాడు, ఆ తర్వాత బిల్లు రాశాడు. అమ్మడం అతని ఉద్యోగం, కాపాడడం కాదు. నచ్చకపోతే పదిహేను రోజుల్లో తెచ్చిస్తే డబ్బు వాపసు ఇస్తామని బిల్లు మీద ముద్ర కూడా కొట్టి చూపించాడు. పాత డ్రైవరు వాళ్ళే తీసుకున్నారు, పార్కింగు డబ్బులకి సరిపోయేంత ఇచ్చి. మొదటి వాయిదాకి లిఫ్టాయన జేబులోంచి ఒక కవరు తీశాడు. దాని మీద ఆయన భార్య చేతిరాతతో ‘ఓవర్‌టైం’ అని ఉంది.

జీతాల కవర్లు కట్టేది ఆవిడే. సోమవారం సాయంత్రం సొరుగు తెరిచింది.

“ఏమండీ, ఇక్కడ ఓవర్‌టైం కవరుండాలి, ఏది?”

“వాడాను.”

“దేనికి?”

“పెట్టుబడి.”

“ఎంత పొడుగుందేమిటి ఆ పెట్టుబడి?”

“నలభై అయిదు అంగుళాలు,” అనేశాడు ఆలోచించకుండా.

ఆవిడ సొరుగు మూసేసింది. “అతని మోకాలు ఏం కాను?”

“నెలాఖరుకి ఇంకా ఇరవై రోజులుంది కదే.”

“మీ నడుముకి అన్ని రోజులు కూడా ఉన్నట్టు లేదు. కుర్చీలోంచి లేవడానికి బల్ల పట్టుకుంటున్నారు.”

మొదటి గురువారం కొత్త డ్రైవరు తీసి, అడుగు అందరికీ కనబడేలా గడ్డి మీద వాల్చి, చేతి తొడుగు తీరిగ్గా తొడుక్కున్నాడు. బిల్డరు అంకె చదివి “అబ్బో!” అన్నాడు. ఆ ఒక్క అబ్బో కోసం ఓ మనిషి మోకాలు తాకట్టు పడింది. తర్వాత లిఫ్టాయన కొట్టాడు. బంతి తిన్నగా బయల్దేరి, సగం దూరంలో ఏదో మర్చిపోయినట్టు కుడికి తిరిగి, కంచె దాటి, కార్లు కడిగే షెడ్డు రేకుల మీద పడింది.

“కొత్తది కదా, అలవాటు కావాలి,” అన్నాడు.

“అలవాటు కావాల్సింది మీకా బావగారూ, దానికా?”

ఆ ఉదయం ఐదు బంతులు కంచె దాటాయి. టిఫిను బిల్లు బిల్డరు, లిఫ్టాయన చెరిసగం కట్టారు. బిల్డరు తన సగం కడుతూ చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

ఇక అలవాటు చేసుకోవడం మొదలైంది. తప్పు బంతులదని ఖరీదైన బంతులు కొన్నాడు. తప్పు బూట్లదని బూట్లు మార్చాడు. చంకలో తువ్వాలు పెట్టుకుని కొట్టమని ఫోనులో ఎవడో చెబితే అలా కొట్టాడు, మోచేతికి పట్టీ వేసుకోమని ఇంకొకడు చెబితే అదీ వేసుకున్నాడు. గోడౌనులో పాత తలుపుల చట్రానికి ప్యాకింగు దుప్పట్లు వేలాడదీసి, వచ్చిన ఫోన్లు ఎత్తకుండా మధ్యాహ్నాలన్నీ వాటిని కొట్టాడు. అనుమానించనిది ఒక్క కర్రనే. దాన్ని అనుమానిస్తే అద్దం ముందు కొట్టిన ఆ మూడు దెబ్బల్నీ అనుమానించాలి. ఆయన దగ్గర గొప్పగా చెప్పుకోడానికి ఉన్నవి అవే.

పదమూడో రోజున మెకానిక్కుని పిలిచి ఫోను చేతికిచ్చాడు.

“నేను కొడుతుంటే వీడియో తియ్యి. కొంచెం వంగి, మోకాళ్ళ ఎత్తులో తియ్యి.”

“వంగలేను సార్.”

“అవును కదూ. సరే, ఆ పెట్టె మీద కూర్చుని తియ్యి.”

ఎవరి డబ్బుతో కర్ర కొన్నాడో అతని చేతనే దాని సోకు చిత్రం తీయించుకుంటున్నానన్న స్పృహ లిఫ్టాయనకి లేదు. ఉండి చేసుంటే దుర్మార్గుడనైనా అనేవాళ్ళం. దుర్మార్గానికి కాస్తో కూస్తో తెలివి కావాలి.

మెకానిక్కు వాచిన కాలు చాపుకుని కూర్చుని ఆరు దెబ్బలు తీశాడు. తీసినవి వెనక్కి తిప్పి నిదానంగా చూశాడు. వంగాల్సినవీ వంగనివీ చూడ్డం అతని రోజువారీ పని.

“సార్, ఈ కాడ మీ చేతిలో వంగట్లేదు. నలుగురెక్కే లిఫ్టు కింద పెద్ద సరుకుల లిఫ్టు స్ప్రింగు వేశామనుకోండి, అది నొక్కుకోదు. ఎక్కినవాళ్ళ నడుములు పోతాయి. స్ప్రింగు మంచిదే, మన బరువుకి కాదు.”

“నీకు తెలీదు.”

“వాపసు తీసుకుంటామని బిల్లు మీద ఉంది కదా సార్. అమ్మగారు చెప్పారు. ఎల్లుండే ఆఖరు. మీకు మెత్తనిది తక్కువలో వస్తుంది. మిగిలినదాంతో నా అడ్వాన్సూ కట్టేయొచ్చు.”

లిఫ్టాయన సమాధానంగా ఇంకోటి కొట్టాడు. దైవికంగా అది మధ్యలో తగిలి దుప్పటి ఠప్పుమంది.

“చూశావా? అచ్చొస్తోంది,” అన్నాడు. “అది తీశావా?”

“తీయలేదు సార్.”

పదిహేను రోజులు దాటిపోయాయి. నెలాఖరూ వచ్చింది. కింది వాటా ఇంటావిడ మరో రెండు రోజులు ఆగి, వేరేవాళ్ళకి తాళం ఇచ్చేసింది. మెకానిక్కు గొడవ పడలేదు. మంచివాళ్ళు మౌనంగా భరిస్తారని ఇక్కడ చెప్పుకోడానికి బాగుంటుంది కానీ అతను భరించలేదు, లెక్క చూసుకున్నాడు. ఒక రోజు లిఫ్టు బాగుచేయడానికి వెళ్ళి, పని అయ్యాక బిల్డరు ఆఫీసులోకి నడిచాడు.

ఈలోగా దుకాణంలో పాతవాటి బుట్టలో పన్నెండు డిగ్రీల డ్రైవరొకటి పళ్ళ డాక్టరుకి చవగ్గా దొరికింది. అంకె మీద అతనికి పట్టింపు లేదు. నోళ్ళు చూసే వృత్తిలో ఎవడి గొప్ప ఎంతో తెలిసిపోతుంది కాబోలు. తర్వాతి గురువారం అతని బంతులు నడిమధ్యన పడ్డాయి. బిల్డరు అక్కడికక్కడే జత మార్చుకున్నాడు.

ఆట అయిపోయాక, కార్ల దగ్గర, బిల్డరు లిఫ్టాయన భుజం మీద చెయ్యేశాడు.

“బావగారూ, ఈసారి మన కాంట్రాక్టు ఉండదు. మీ మెకానిక్కుని నేనే జీతం మీద పెట్టుకుంటున్నాను. జనరేటరు పక్క గది ఖాళీగా ఉంది, కిందే, మెట్లు లేవు. వచ్చేస్తానన్నాడు.”

జనరేటరు పక్క గది అంటే రోజుకి మూడు గంటలు గోడలు వణికే గది. బిల్డరు ధర్మాత్ముడేం కాదు. పంతొమ్మిది లిఫ్టులకి ఇచ్చే డబ్బులో మూడో వంతుతో పని జరుగుతుందని చూసుకున్నాడు.

“అదేంటండీ, ఆరేళ్ళనుంచి కలిసి ఆడుతున్నాం!” అన్నాడు లిఫ్టాయన.

“ఆడదాం, ఎందుకాడం? గురువారం రండి. డీలరుగారికి జత కావాలి కదా.”

లిఫ్టాయన వెళ్తూనే ఉన్నాడు. కర్ర ఇప్పుడు నాలుగింట ఒకసారి తిన్నగా పోతోందట, ఇంకో ఆరు నెలల్లో పూర్తిగా దారికొస్తుందట. మెకానిక్కు మెట్లు లేని గదిలో ఉంటున్నాడు. మోకాలి వాపు తగ్గింది, నిద్ర కూడా తగ్గింది. మిగిలిన ఇరవై రెండు లిఫ్టుల్లో ఏది ఆగినా లిఫ్టాయన భార్య అతనికే ఫోను చేస్తుంది. తీరిక దొరికితే వస్తాడు, చేసిన పనికి అక్కడికక్కడే డబ్బు తీసుకుని వెళ్తాడు.

డ్రైవరు వాయిదాలు తేదీ తప్పకుండా కడుతున్నారు. అరవై ఒక్క గంటల ఓవర్‌టైం ఇంకా బాకీ ఉంది.