నీళ్ళు పోసి పెంచిన మరిది

పోయిన శుక్రవారం నేను బడిలో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "పెద్దమ్మ పోయింది పాపా" అంది. నాకు మొదట వచ్చింది కన్నీళ్ళు కాదు, కోపం.

పెద్దమ్మది మా ఎదురిల్లు. పెదనాయన పోయిన పదకొండో రోజున ఆమె మరిది, ఇల్లు తన పేరున ఉందంటూ కాగితం చూపించి సామాన్లన్నీ వీధిలోకి విసిరేశాడు. కుట్టుమిషను విరిగింది, బిందె సొట్టపోయింది. ఆమె ఏడవలేదు. అన్నీ ఏరుకుని మా వసారా గదికి వచ్చేసింది.

మా వాకిట్లో, మరిది గుమ్మానికి ఎదురుగా ఆ విరిగిన మిషను పెట్టి, దాని ముందు గొడుగు ఊచలు వంచి, కూర్చున్న ఆడమనిషి ఆకారం కట్టి, దాని మీదికి శంఖుపూల తీగ పాకించింది. అది తనే. తర్వాత విరిగిన కుర్చీ కాళ్ళతో ఒక మగమనిషిని నిలబెట్టింది. సొట్టబిందె తల, గరిక మీసం, చేతిలో ఈడుస్తున్న ట్రంకుపెట్టె. వీధంతా గుర్తుపట్టింది. కార్వేటినగరం కోట చూడవచ్చినవాళ్ళు కూడా ఆగి అడిగేవారు.

"ఎవురమ్మా ఈయప్ప?"

"మా మరిదప్పా. నీళ్ళు బోసి పెంచతా ఉండాను."

ఆపైన జరిగిందంతా చెప్పేది. ఎన్నిసార్లు చెప్పినా ఒక్క మాట పెంచేది కాదు, తగ్గించేది కాదు.

ఒకసారి ఎవరో ఆ బొమ్మకు కిరసనాయిలు పోశారు. గరిక మాడిపోయింది. వారంలో పెద్దమ్మ అక్కడ నాగజెముడు నాటింది. "ఈతూరి ముండ్లతో పెంచతా. పట్టుకోమను సూస్తాం" అంది. ముళ్ళు గుచ్చుకోకుండా కొమ్మ వంచి కట్టడం నాకు ఆమే నేర్పింది.

తన కూతురికి సంబంధాలు వస్తున్నప్పుడు మరిది దిగివచ్చాడు. "వదినా, అది తీసెయ్. ఒక రూము ఇస్తాను."

"నడివీధిలో పారేసినావు. నడివీధిలోనే తప్పని చెప్పు. ఇప్పుడే పీకేస్తా."

అతను తల తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి వీధి తలుపు మూసి, పెరటి దారిన తిరిగాడు.

శవం దగ్గరికి మాత్రం పెద్ద గులాబీల దండతో వచ్చాడు. నేను గడపకు అడ్డంగా నిలబడ్డాను.

"ఆ మాట ఇప్పుడు చెప్పు సిన్నాయనా. వీధంతా ఉండాది."

అతను చుట్టూ చూశాడు. ఎవరూ నా చేయి పట్టి లాగలేదు. దండతోనే వెనక్కి తిరిగాడు.

మేము శ్మశానం నుంచి వచ్చేసరికి ఆ దండ అతని స్కూటర్ హ్యాండిల్‌కు వేలాడుతూ ఉంది. ఎండకు రేకులు రాలుతుంటే వీధి మేక ఒకటి మెడ చాచి తాపీగా తింటోంది.