మస్తాన్ గారి జొన్న కుండీలు

మస్తాన్ గారు ఇక లేరన్న వార్త ఫుజైరా నర్సరీలో ఖర్జూరం పిలకలకు నీళ్ళు పెడుతుండగా తెలిసింది. నెల్లూరులో పుట్టి, పాతికేళ్ళు ఈ ఎడారి ఇసుకకు సేవ చేసిన నా గురువు గుండె ఆగిపోయిందట. నాకు దుఃఖం కంటే ముందు కోపమొచ్చింది. అది ఇంకా తగ్గలేదు.

వేళ్ళను ఆశ్రయించుకుని, మొక్కకు దూరాన ఉన్న పోషకాలను అందించే శిలీంధ్రాన్ని ఆయన జొన్న కుండీల్లో పెంచేవారు. అది బతికున్న వేరు మీదే పెరుగుతుంది. జొన్న కోసేశాక ఆ మట్టినే పిడికెడు చొప్పున నాటే గుంటల్లో వేయించేవారు. ఆ నిస్సార సైకతంలో మా పిలకలు నిలదొక్కుకున్నది ఆ పిడికెడు మట్టితోనే. దుబాయ్‌లో మెట్రో స్తంభాలు లేస్తున్న ఈ రోజుల్లో భూమిలోపలి పని ఎవరికి కనిపిస్తుంది? "కంటికి కనపడనోళ్ళదే కష్టమంతా, అబ్బయ్యా" అనేవారు.

మూడేళ్ళ కిందట ఆయన సెలవులో ఉండగా, యజమాని వస్తున్నాడని మా ముదీర్, అంటే నర్సరీ మేనేజరు, ఆ కుండీలన్నిటికీ తెగులు మందు పోయమన్నాడు. ఈ ముదీరూ తెలుగువాడే. వద్దని బతిమాలాను.

"ఫంగసంటే రోగమే గద. యల్లా, పొయ్" అన్నాడు.

పోసింది నా చేతులే. ఏళ్ళ తరబడి సాగిన తపస్సు ఒక్క పూటలో చచ్చింది. మస్తాన్ గారు తిరిగొచ్చి, వేళ్ళు పరీక్షించి, నన్ను పల్లెత్తు మాట అనలేదు. షార్జా అల్ నహ్దాలో తన ఇంటి బాల్కనీలో, కరివేపాకు పక్కన పెంచుకుంటున్న రెండు కుండీలతో మళ్ళీ మొదలుపెట్టారు.

పిలకలు కళకళలాడగానే ముదీర్ తన ఫొటోతో కరపత్రం వేయించి, అది తన పద్ధతేనని చాటుకున్నాడు. నేను మండిపడితే మస్తాన్ గారు నవ్వేశారు.

"చెట్టు బతికింది గదా. ఖలాస్, వదిలెయ్యి."

ఆయన వదిలేశారు. అది ఆయన ఔదార్యం. నాకు అంత ఔదార్యం లేదు, వద్దు కూడా.

శుక్రవారం షార్జాలో సంస్మరణ సభ. అధ్యక్షుడు ఆ ముదీరే. నిన్న నాకు ఫోన్ చేసి, బాల్కనీ కుండీలు నర్సరీకి పంపమన్నాడు. సభలో పంచే సంచికకు నేను రాస్తున్న ఈ వ్యాసంలో తన ప్రోత్సాహం గురించి నాలుగు ముక్కలు రాయమన్నాడు. కుండీలను మస్తాన్ గారి భార్య నాకిచ్చారు. ఆ మట్టి ఉమ్ అల్ క్వైన్ తోటల్లో పనిచేసే మనవాళ్ళకు ఆయన పేరు చెప్పి పంచేశాను. ఆయనలాంటి ద్రష్ట మనకు మళ్ళీ దొరకడు. ఆ పుణ్యమూర్తికి నా అశ్రుతర్పణం.

ముదీర్ అడిగిన నాలుగు ముక్కలూ పైన రాశాను. సభలో ఈ సంచికను ఆయన చేతికి నేనే ఇస్తాను.