పేరుకైనా అమ్మను

ఏడేళ్లకోసారి ఇశ్రాయేలు నేలను దున్నకుండా, విత్తకుండా వదిలెయ్యాలని యూదుల ధర్మం. ఆ ఏడాది పొలం హాయిగా పడుకుంది గానీ యెఫెత్‌కి నిద్ర పట్టడం లేదు. తెల్లారగానే గట్టు మీదికి వెళ్లి, మోకాలెత్తు కలుపును చూసి పళ్లు కొరుక్కుని వచ్చేవాడు. ఇంట్లో ఊరికే కూర్చోలేక, బాగానే ఉన్న కుళాయిని విప్పి పాడుచేశాడు.

"నేలకి సెలవు, నాకు చాకిరీ" అంది భార్య బద్రా, కారే కుళాయి కింద బకెట్ పెడుతూ.

పక్క పొలం ఉజీ ట్రాక్టర్ ఆపి నవ్వాడు. "ఏమోయ్, నీ పొలంలోకి మేకల్ని తోలమంటావా? రబ్బీ దగ్గర ఒక్క సంతకం పడెయ్. పొలాన్ని వేరే మతంవాడికి ఈ ఏడాదికి అమ్మినట్టు రాస్తారు, పేరుకే. యూదుడిది కాని నేలకి ఈ సెలవు లేదుగా. నేను దున్నుకోవడం లేదూ?"

యెఫెత్ చేతులు దురద పెట్టాయి. ఆ సాయంత్రమే మతగురువైన రబ్బీ ఇంటికి బయలుదేరాడు. దారిలో తండ్రి గుర్తొచ్చాడు. యెమెన్‌లో వెండిపని చేసుకుని బతికిన మనిషి. జానెడు నేల లేదు. అయినా ఏడో ఏట పొలాన్ని ఎలా వదలాలో ఆ నియమాలన్నీ కొడుకు చేత వల్లె వేయించేవాడు.

"మన పొలమేది నాన్నా?" అంటే ఉత్తరాన ఇశ్రాయేలు వైపు చెయ్యి చూపి, "అక్కడే ఉందిరా, ఎక్కడికి పోతుంది?" అనేవాడు.

యెఫెత్ వెనక్కి తిరిగాడు. గట్టు దగ్గర ఉజీ ఎదురై, "అప్పుడే సంతకం అయిపోయిందా?" అన్నాడు.

"అమ్మను."

"పేరుకేనయ్యా బాబూ!"

"మా నాన్నకి ఉన్నదల్లా ఆ పేరే" అన్నాడు యెఫెత్.

మర్నాడు పొద్దున్నే రెండో కుళాయి విప్పాడు.