తోక తెగినా లొంగని సంఖ్య

బట్వాడా గుమస్తాకు గల అవలక్షణం ఒక్కటే: ఎంతటి పెద్ద సంఖ్య కంటబడినా, అది దేనితో నిశ్శేషంగా భాగింపబడునో తేల్చనిదే ఉత్తరానికి ముద్ర వేయడు. కార్యాలయమంతా ఆయనను భాగహారం బాబాయి అనేది. ఎదుటి బల్ల వద్ద ముప్ఫై ఒక్క సంవత్సరాలుగా అధికారిక లేఖలకు శుద్ధప్రతులు రాస్తున్న వృద్ధ లేఖకుడి దృష్టిలో మాత్రం ఆయన మనిషి కాడు; కుర్చీ వేసుకుని కూర్చున్న చెవిపోటు.

"అన్నయ్యా, పొద్దున తొమ్మిదితో నిశ్శేషంగా పోయిన దస్త్రం సంఖ్య నీ ఉత్తరంలో పోవడం లేదేం?"

"నిన్నెవడడిగాడోయ్?"

"ఒక్కసారి చూడరాదూ!"

లేఖకుడు పళ్ళు నూరుతూ చూసేవాడు. ఆ విసుగులోనే ఏదో అంకె దిద్ది, తప్పు తానే కనిపెట్టినట్లు మీసం దువ్వేవాడు.

గత నెల బాబాయి జ్వరంతో వారం రోజులు సెలవు పెట్టాడు. వైద్యుడు నాడి పట్టి డెబ్బై రెండు అనగానే, "ఆహా, పన్నెండు భాజకాలు!" అంటూ రోగి లేచి కూర్చున్నాడట. లేఖకుడికి ఆ వారం స్వర్గం. ఆ స్వర్గంలో వెళ్ళిన ఉత్తరమొకటి సంఖ్య తప్పి, వేరెవరికో చేరి, తిరిగి వచ్చింది.

"పెద్దాయనా, ఇంకొక్క అంకె తప్పితే ఈ బల్ల వేరేవాళ్ళకిచ్చి మిమ్మల్ని పాత దస్త్రాల గదికి పంపేస్తాను," అన్నది అధికారిణి.

ఒక ఉదయం 7,39,39,133 అనే సంఖ్యతో దస్త్రం వచ్చింది. బాబాయికి పూనకమే తక్కువ.

"కుడి చివర నుంచి ఒక్కో అంకె కత్తిరించుకుంటూ పో అన్నయ్యా! ఒంటరి ఏడు మిగిలేదాకా ప్రతి ముక్కా ప్రధాన సంఖ్యే! ఒకటికీ తనకూ తప్ప ఎవడికీ లొంగదు!"

"ఆ కత్తెర నీ నాలుకకు పెడితే లోకం బాగుపడును."

మధ్యాహ్నం శుద్ధప్రతి బట్వాడా బల్లకు చేరింది. బాబాయి ముద్ర ఎత్తి, గాలిలోనే ఆపాడు.

"పొద్దుటి పెద్దమనిషి కాదన్నయ్యా ఇది! తోకలో నాలుగంకెలు కోస్తే ఏడువేల మూడువందల తొంభై తొమ్మిది మిగిలింది. ఏడుతో పోతోంది!"

"పోనీ!"

"పోకూడదే!"

లేఖకుడు కాగితం లాక్కుని ముక్కుకు ఆనించి చూశాడు. మూడూ తొమ్మిదీ చోట్లు మార్చుకుని కూర్చున్నాయి. అధికారిణి గది తలుపు బార్లా తెరిచి ఉంది. గబగబా మరో ప్రతి రాసి ఇచ్చాడు. అప్పుడు గుర్తుకొచ్చింది, జ్వరం వారం.

"ఇన్నేళ్ళూ ఇదా నీ గోల?" అన్నాడు గొంతు తగ్గించి. "తప్పని చెప్పి చావచ్చుగా!"

బాబాయి తలుపు వైపు ఓరగా చూశాడు. "తప్పంటే ఆవిడ వింటుంది. భాగహారమంటే ఎవరు వింటారన్నయ్యా?"

మరునాడు లేఖకుడు కొత్త కళ్ళద్దాలతో వచ్చాడు. మొదటి ఉత్తరం తానే స్వయంగా బట్వాడా బల్ల మీద పడేసి, ముఖం చిట్లించాడు.

"ఊఁ, వాగు. ఇది దేనితో పోతుంది?"

బాబాయి కాసేపు పెదవులు కదిపి, ఠపీమని ముద్ర కొట్టాడు.

"దేనితోనూ పోదన్నయ్యా. అచ్చం నీలాగే మొండిది."