అవ్వ పేరు గీసిన ప్లాటర్

నిన్న పొద్దున మామ ఫోన్ చేశాడు. పాత ఇనప సామాన్లవాడు వచ్చాడట, ప్లాటర్‌ని తీసుకుపోతానంటున్నాడట, నాకేమైనా కావాలా అని అడిగాడు. ఇరవయ్యేళ్ళ కోపం ఒక్కసారిగా పైకొచ్చింది. "దాంతో నువ్వు చేసిన పని చాల్లే మామా, ఇచ్చెయ్" అని పెట్టేశాను. ఆ తరువాత కాఫీ కూడా తాగబుద్ధి కాలేదు.

రెండువేల మూడో నాలుగో సంవత్సరం. సముద్రానికి దగ్గర్లోని తమిళ ఊరు మూలకుళంలో మామకు బోర్డులు రాసే కొట్టు ఉండేది. మూతపడ్డ ఒక డ్రాయింగ్ ఆఫీసు నుంచి ఆ ప్లాటర్‌ని ఆటోలో వేసుకొచ్చాడు. కంప్యూటర్ చెప్పినట్టు పెన్ను పట్టుకుని కాగితం మీద గీసే యంత్రం అది. అప్పటికే దాని కాలం చెల్లిపోయింది. కేబులు కలపడం, వెనకాల బుల్లి స్విచ్చులు సరిచేయడం నా వంతు. వారం రోజులు అది అక్షరం మీద అక్షరం గీసి కాగితాలన్నీ నల్లగా చేసింది. ఉప్పుగాలికి పెన్నులు ఎండిపోతుంటే వేణ్ణీళ్ళలో నానబెట్టేదాన్ని. చివరికి ఇంగ్లీషు, తమిళం దారికొచ్చాయి. మామ మాత్రం తానే కన్నట్టు దాన్ని వచ్చినవాళ్ళందరికీ చూపించి, సాయంత్రం తువాలు కప్పి ఇంటికెళ్ళేవాడు.

ఆ ఏడే అవ్వ పోయింది. తాత అడిగింది ఒక్కటే. తోటలో అవ్వ సమాధి రాయి మీద ఆమె పేరు తెలుగులో ఉండాలి, తేదీలు కూడా వద్దు. అవ్వకు చదువు రాదు. పెళ్ళయిన కొత్తలో సంతకానికని తాత నేర్పిన ఆ మూడక్షరాలే ఆమెకొచ్చిన చదువంతా. మేమంతా ఇంట్లో తెలుగే మాట్లాడతాం గాని, చదవగలిగింది తాత, ఆయన దగ్గర నేర్చుకున్న నేను. తమిళ బడిలో చదివిన మామ కన్నతల్లి పేరును గుర్తుపట్టలేడు. ప్లాటర్‌లో తెలుగు అక్షరాలు లేవు. తాత చేత గ్రాఫ్ కాగితం మీద అవ్వ పేరు రాయించి, ఆ వంపుల వెంబడి చుక్కలు పెట్టి, ఒక్కో చుక్క కొలతా కంప్యూటర్‌లో కొట్టాను. మూడక్షరాలకు పదిహేను రోజులు పట్టింది. అవతలి వైపునుంచీ గీత కనబడే ట్రేసింగ్ పేపరు మీద ప్లాటర్ గీస్తుంటే తాత పక్కనే నిలబడి చూశాడు. తలకట్టు దగ్గర ఆయన చెయ్యి వణికిన చోట పెన్నూ వణికింది.

రాయి చెక్కే రోజు నాకు సెలవు దొరకలేదు. కాగితాన్ని రాతి మీద అతికించేటప్పుడు ఇంకు వైపు పైకుండాలని మామకు నూరుసార్లు చెప్పాను. చేతులు తగిలి ఇంకు చెరిగిపోతుందని ఆయన సొంత తెలివి వాడి, ఇంకు వైపు రాతికి ఆనించి అతికించాడు. చెక్కే ఆయనకూ తెలుగు రాదు, కనబడ్డట్టే చెక్కేశాడు. సంవత్సరీకం నాడు తాత పూలమాల పక్కకు జరిపితే, అవ్వ పేరు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. చుట్టాలంతా దణ్ణాలు పెట్టి "శానా బాగుండాది" అన్నారు.

నేను అందరి ముందూ మామ మీద అరిచాను.

"మిషను తప్పు చేస్తాదా పాపా? అయినా దీన్ని ఎవురు చదవబోతారు?" అన్నాడు.

ఆ రెండో మాటే నన్ను ఇప్పటికీ కాలుస్తుంది, నిజం కాబట్టి. వేరే రాయి వేయిద్దామని తాతను బతిమాలాను. ఆయన ఆ తిరగబడ్డ అక్షరాల మీద నెమ్మదిగా వేలు పెట్టి దిద్దాడు.

"ఉండనీ పాపా. ఆమె రాయికి ఆ పక్కనుంచి గదా చూసేది. ఆమెకు సరిగ్గానే ఉంటాది."

అంత సులువుగా సరిపెట్టుకున్నందుకు నాకు తాత మీదా కోపమొచ్చింది. తాత పోయాక ఆయన్నీ ఆ రాయి పక్కనే పూడ్చిపెట్టాం. ఇన్నేళ్ళలో ఆ పేరు చదవగలిగినవాళ్ళు ఆ పక్కన ఇద్దరయ్యారు, ఈ పక్కన నేనొక్కదాన్నే మిగిలాను.