కుర్చీ ముఖం

కుర్చీలు అల్లే ఆవిడ ఎవరింటికి వెళ్లినా, కూర్చోబోయే ముందు కుర్చీని ఓసారి తిరగేసి చూస్తుంది. తండ్రి దగ్గర అబ్బిన అలవాటు. పై అల్లిక ఎవరైనా తీర్చిదిద్దుతారు, పనితనం అడుగు ముడుల్లోనే తెలుస్తుందనేవాడాయన. ఒక్క ముడి వదులైనా మొత్తం విప్పించేవాడు. అప్పట్లో ఆమె ముక్కు ఎగబీల్చుకుంటూ మళ్లీ అల్లేది. ఈమధ్య కూతురు ఆమెకో వెబ్‌సైట్ చేసిపెట్టి, "పైసా ఖర్చు లేదమ్మా. రోజుకో ఫోటో పెట్టి, నీకు తెలిసిన వాట్సాప్ గ్రూపులకు లింకు పంపు, చాలు" అంది. వారం తిరిగాక చూస్తే ఫోటోల్లో కుర్చీలన్నీ కాళ్లు పైకెత్తుకుని ఉన్నాయి. కూతురు తల పట్టుకుంది. "ఇదేంటమ్మా, అన్నీ తిరగేసి పెట్టావ్?" "ముఖం అటేగా ఉందే!" అంది ఆవిడ, నిజంగానే అర్థంకాక.

ఆ సాయంత్రమే ఒకాయన పాత కుర్చీ మోసుకొచ్చాడు. "అందరూ పై నిగనిగలే చూపిస్తారండీ. అడుగు చూపించింది మీరొక్కరే. అందుకే వెతుక్కుంటూ వచ్చా." ఆ పొగడ్తకు ఎటు చూడాలో తోచక ఆవిడ కుర్చీని తిరగేసి, దానిమీదకు వంగింది. "అంతా మా నాన్న చలవండీ" అంది. వేలు మాత్రం అప్పటికే వదులు ముడిని పట్టేసింది.